కోళ్ళకి మేనరికం వద్దు

(జాతి కోళ్ళ పెంపకం మీద పాఠకుల ప్రశ్నలు. జవాబులు రాస్తున్నది కోనసీమలో ఇంటి వెనక ఇరవై ఆరేళ్ళుగా అసీల్ కోళ్ళు పెంచుతున్న రిటైర్డ్ సైన్స్ టీచర్.)

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా రంగు గురించే. డేగ మంచిదా, కాకి మంచిదా, ఏ రంగు పెట్టకి ఏ రంగు పుంజుని కట్టాలి అని. రంగు మీద మోజు నాకూ ఉంది, కాదనను. తెల్లారి ఎండలో నెమలి పుంజు రెక్క విప్పితే చేతిలో కాఫీ చల్లారిపోతుంది. కాని ఈసారికి రంగు ఉత్తరాలు పక్కన పెట్టి, కోడి బతుకుకి సంబంధించినవే తీసుకున్నాను.

టీచర్ గారూ, 2021లో ఒక పుంజు, నాలుగు పెట్టలు కొని తెచ్చాను. అన్నీ ఒకే ఇంటివి. జాతి చెడిపోతుందని ఇప్పటిదాకా బయటి కోడిని లోపలికి రానివ్వలేదు. మొదట్లో పన్నెండు గుడ్లు పొదగేస్తే పది పిల్లలు లేచేవి. ఇప్పుడు అయిదో ఆరో. వాటిలోనూ ఒకటి రెండు నిలబడలేవు. మేత లోపమంటారా? — ఒక రైతు, పిఠాపురం

మేత సంగతి తర్వాత. ముందు లేవని గుడ్లు పారెయ్యకండి. ఇరవై మూడో రోజున వాటిని కొబ్బరి చెట్టు మొదట్లోకి తీసుకెళ్ళి ఒక్కోటీ పగలగొట్టి చూడండి. వాసనొస్తుంది, ముక్కుకి గుడ్డ కట్టుకోండి. లోపల సొన తేటగా, మామూలు గుడ్డులాగే ఉంటే పుంజు పని చెయ్యలేదని అర్థం. కొవ్వెక్కిందేమో, ముసలిదైందేమో, పెట్టలు దాన్ని దగ్గరికి రానివ్వడం లేదేమో చూసుకోవాలి. నెత్తుటి వలయం కనిపిస్తే పిండం మొదటి వారంలోనే పోయినట్టు. గుడ్లు ఎక్కువ రోజులు దాచినా, ఎండ తగిలినా అలా అవుతుంది. పూర్తిగా ఎదిగిన పిల్ల పెంకులోనే చచ్చి ఉంటే పెట్ట మాటిమాటికీ లేచిపోయిందనో, వేడీ తేమా సరిపోలేదనో అనుకోవాలి. లేదంటే పిల్లకే పెంకు పొడుచుకు వచ్చే సత్తువ లేదు.

మీ ఉత్తరం చదివాక నా అనుమానం ఆ చివరి మాట మీదే. మీరు జాతి కాపాడుతున్నాననుకుని అయిదేళ్ళుగా మేనరికాలు చేస్తున్నారు. మేనరికం కూడా కాదు, అంతకంటే దగ్గర. మన ఇళ్ళలో బావామరదళ్ళ పెళ్ళి జరిగితే, పుట్టే బిడ్డలో ఏ జన్యువు తీసుకున్నా తల్లి నుంచి వచ్చిందీ తండ్రి నుంచి వచ్చిందీ ఒకే నకలు అయ్యే అవకాశం 6.25 శాతం. మేనమామకి మేనకోడలినిస్తే 12.5. అన్నాచెల్లెళ్ళ లాంటి, ఒకే తల్లిదండ్రులకి పుట్టిన కోళ్ళని జత కడితే 25. దాగి ఉన్న లోపాలన్నీ అప్పుడే బయట పడతాయి. గుడ్లు పొదగకపోవడం, పిల్లలు నిలబడకపోవడం, చిన్న జబ్బుకే పోవడం అన్నిటికంటే ముందు కనిపించే గుర్తులు.

ఒక లెక్క చెబుతాను. పాత అలవాటు, ఓపిక పట్టండి. నాలుగుని పుంజుల సంఖ్యతోనూ పెట్టల సంఖ్యతోనూ గుణించి, మొత్తం కోళ్ళ సంఖ్యతో భాగించండి. ఒక పుంజూ ఎనిమిది పెట్టలూ ఉంటే ముప్ఫై రెండుని తొమ్మిదితో భాగిస్తే మూడున్నర వస్తుంది. అంటే గూట్లో తొమ్మిది కోళ్ళు కనిపిస్తున్నా, రక్తం లెక్కకి మీ దగ్గరున్నది మూడున్నర కోళ్ళే. అదే మూడు పుంజులు, తొమ్మిది పెట్టలైతే పూర్తిగా తొమ్మిది. పెట్టలు ఎన్ని పెంచినా లాభం లేదు, పుంజు ఒక్కటే అయితే.

మీరు చెయ్యాల్సింది ఇది. రెండు వేరే వేరే ఊళ్ళ నుంచి, ఒకదానికొకటి సంబంధం లేని రెండు పుంజుల్ని తెచ్చుకోండి. తేగానే గూట్లో కలపకండి. నెల రోజులు దూరంగా, వేరే నీళ్ళ గిన్నెతో ఉంచండి. ముందు మీ కోళ్ళకి మేత వేసి, ఆ తర్వాతే కొత్త వాటి దగ్గరికి వెళ్ళండి. ఆ నెల అయ్యాక మీ పెట్టల్ని మూడు ఇళ్ళుగా విడదియ్యండి. మీ పాత పుంజుతో కలిపి ఇంటికొక పుంజు. నేను కాళ్ళకి ప్లాస్టిక్ రింగులు వేస్తాను, ఎరుపు, పసుపు, నీలం. అవే ఇంటిపేర్లు. పిల్లకి తల్లి ఇంటిపేరే వస్తుంది. పెట్ట పిల్లలు ఎప్పటికీ పుట్టింట్లోనే ఉంటాయి. పుంజు పిల్లలు మాత్రం ఇల్లరికం వెళ్ళాలి. ఎరుపింట్లో పుట్టింది పసుపింటికి, పసుపింటిది నీలం ఇంటికి, నీలం ఇంటిది ఎరుపింటికి. ఈ వరస తప్పకపోతే ఏళ్ళ తరబడి బయటి కోడి అక్కర్లేదు. మా ఇంట్లో పదకొండో ఏడు నడుస్తోంది. మొదట్లో మావారు నవ్వేవారు. ఇప్పుడు ఎవరైనా వస్తే ఆయనే అల్లుళ్ళని చూపించి పరిచయం చేస్తారు.

మేడమ్, జాతి అసీల్ జంట అని చెప్పి ఒకతను అమ్మాడు. రెండూ నెత్తికి అంటుకున్న చిన్న జుట్టుతో బాగానే ఉన్నాయి. వాటికి పదకొండు పిల్లలు పుడితే మూడింటికి నాటుకోడిలా రంపం పళ్ళ జుట్టు వస్తోంది. నన్ను మోసం చేశాడా? — ఒక విద్యార్థి, నరసాపురం

అతనికి తెలిసి ఉండకపోవచ్చు. జంటలో రెండింటికీ వెనక ఏదో ఒక తరంలో నాటురక్తం కలిసింది, అంతవరకు ఖాయం.

అసీల్ జుట్టు నెత్తి మీద మూడు వరసల చిన్న గడ్డల్లా, బఠాణీలు అతికించినట్టు ఉంటుంది. ఇంగ్లీషులోనూ దాన్ని పీ కోంబ్ అనే అంటారు. మెండెల్ బఠాణీల మీద చూపించిన సూత్రమే కోళ్ళకీ వర్తిస్తుందని బేట్‌సన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1902లో చూపించింది కూడా ఈ జుట్ల మీదే. బఠాణీ జుట్టు బలమైన గుణం, ఒంటి రంపపు జుట్టు దాని కింద అణిగిపోతుంది. అణిగిందే కాని పోలేదు. అలా లోపల దాచుకున్న రెండు కోళ్ళు కలిస్తే సగటున నాలుగు పిల్లల్లో ఒకదానికి ఒంటి జుట్టు వస్తుంది. మీకు పదకొండులో మూడు వచ్చాయి, అచ్చం పాఠంలో ఉన్నట్టే.

పుంజులో ఆ మరక ఉందో లేదో చూడాలంటే సులువైన పరీక్ష ఉంది. ఒంటి జుట్టున్న మామూలు నాటుపెట్టతో కట్టండి. ఒక్క పిల్లకి ఒంటి జుట్టు వచ్చినా మరక ఉన్నట్టే. ఏడు పిల్లలు పుట్టి ఏడింటికీ బఠాణీ జుట్టే వస్తే, మరక ఉండి కూడా అలా జరిగే అవకాశం 128లో ఒకటి. అప్పుడు ధైర్యంగా ఉంచుకోవచ్చు. ఆ పిల్లల్ని మాత్రం విత్తనానికి కాకుండా కూరకి పెంచండి.

అన్నట్టు, అసీల్ అంటే అరబ్బీలో మేలైన పుట్టుక గలది అని. మనం రోజూ వాడే ‘అసలు’ కూడా ఆ చెట్టు కొమ్మే. అమ్మేవాళ్ళందరూ ‘అసలు అసీలండీ’ అంటుంటే నాకు ఇదే గుర్తొచ్చి నవ్వొస్తుంది.

అక్కా, నాకు అయిదు పుంజు పిల్లలున్నాయి, ఎనిమిదో నెల. ఒక్కటే విత్తనానికి ఉంచగలను. మా నాన్న పచ్చకాకి ఉంచమంటాడు, నాకు డేగ మీద మనసు. ఎలా తేల్చుకోవాలి? — ఒక పాఠకురాలు, జంగారెడ్డిగూడెం

నాన్నగారితో గొడవ పడకమ్మా. ఇద్దరూ కలిసి రాత్రి ఎనిమిదింటికి టార్చిలైటు పట్టుకుని గూటి దగ్గరికి వెళ్ళండి. చీకట్లో కోడికి సరిగ్గా కనపడదు, గొడవ చెయ్యకుండా చేతికి వస్తుంది. పగలు నడక చూడాలి, రాత్రి ఒళ్ళు చూడాలి.

కాళ్ళు రెండూ ఎడమ చేత్తో పట్టుకుని, రొమ్ముని అరచేతి మీద ఆనించు. బొటనవేలితో రొమ్ము ఎముకని మెడ వైపు నుంచి తోక వైపుకి ఒక్కసారి రాయి. స్కేలులా నిటారుగా ఉండాలి. వంకర తగిలినా, మధ్యలో నొక్కుకుపోయినట్టున్నా ఆ పుంజు విత్తనానికి పనికిరాదు. వంకర అన్నిసార్లూ పుట్టుకతో రాదు. సున్నం లోపమో, చిన్నప్పుడే సన్నని కర్ర మీద పడుకోవడమో కారణం కావచ్చు. నీకు ఏదో తెలిసే దారి లేదు కాబట్టి వదిలెయ్యడమే మేలు. తర్వాత కాళ్ళు. వేళ్ళు తిన్నగా విచ్చుకోవాలి, అరికాలులో గట్టి పుండు ఉండకూడదు.

ఇప్పుడు దాని వీపుకి చెవి ఆనించి విను. పిల్లి గురకలాంటి చప్పుడు వస్తోందా? ముక్కు రంధ్రాల మీద చిన్నగా నొక్కు, తడి వస్తోందా? నోరు తెరిచి టార్చి వెయ్యి. గులాబీ రంగు తప్ప పసుపుపచ్చ పొరలు కనపడకూడదు. కళ్ళలో నల్లగుడ్డు గుండ్రంగా ఉండాలి. అంచు నలిగినట్టున్నా, ఒక కన్ను బూడిద రంగుకి తిరిగినా మారెక్స్ అనే వైరస్ జబ్బు అనుమానించాలి. చివరగా తోక ఎత్తి చూడు. మలద్వారం శుభ్రంగా ఉండాలి, చుట్టూ ఈకలకి రెట్ట అంటుకోకూడదు. అక్కడే ఈకల మొదళ్ళలో తెల్లగా పిండి ముద్దల్లా కనిపిస్తే అవి పేను గుడ్లు. పేలు అన్ని కోళ్ళకీ పడతాయి. అయిదింటిలో ఒక్కదానికే విపరీతంగా ఉంటే మాత్రం ఒంట్లో ఇంకేదో బాగోలేదన్నమాట.

ఈ పరీక్షలో నీ అయిదింటిలో మూడు మిగిలాయనుకో. అప్పుడు నోటుబుక్కు తియ్యి. వాటి తల్లి ఎవరు? ఆ తల్లి ఏడాదిలో ఎన్ని గుడ్లు పెట్టింది, ఎన్ని పిల్లల్ని లేపింది, మూడో నెలకి ఎన్ని మిగిలాయి? పుంజు గుడ్డు పెట్టదు. కాని తన తల్లి గుణాన్ని కూతుళ్ళకి పంచేది అదే. మంచి పుంజుని వెతికే వాళ్ళు ఎప్పుడూ దాని తండ్రి గురించే అడుగుతారు, తల్లి పేరు ఒక్కడూ అడగడు. పన్నెండుమంది తోబుట్టువుల్లో పదిమంది బతికిన ఇంటి పుంజు నాకు కావాలి. పన్నెండింటిలో అదొక్కటే మిగిలిన అందగాడు వద్దు.

నోటుబుక్కు లేదంటావా? ఇవాళే కొను. ఈ ఏడాదికి చూపు మీద పోక తప్పదు. అప్పుడు చిన్నపిల్లల మీదకి ఎగరని పుంజుని ఉంచు. రంగు చివర్న చూసుకో. రెండూ సమానంగా నిలిస్తే డేగే ఉంచేసుకో, నాన్నగారికి నేను చెప్పానని చెప్పు.

అమ్మా, నా దగ్గర ఒక కాకి పెట్ట ఉంది. మూడు కిలోలు, చూడ్డానికి రాణిలా ఉంటుంది. చలికాలంలో తుమ్ములు, ముఖం వాపు వచ్చి చావుదాకా వెళ్ళింది. డాక్టరు రాసిన మందు పది రోజులు వాడితే కోలుకుంది. అంత జబ్బు తట్టుకుంది కాబట్టి దాని పిల్లలు గట్టిగా ఉంటాయి కదా? — ఒక పాఠకుడు, సత్తుపల్లి

ఇదే మాట ఒకప్పుడు నేనూ అనుకున్నాను.

నాదీ కాకి పెట్టే. పేరు పెట్టుకునేంత ముద్దు. ఒక డిసెంబరులో మంచు బాగా పడ్డప్పుడు కంటి కింద ఉబ్బు, ముక్కులోంచి నురగ. వంటింట్లో గంప కింద పెట్టి, పూటపూటా మందు నీళ్ళు తాగించి బతికించాను. వేసవికి ముందు రెండు విడతలుగా దాని గుడ్లే పొదగేశాను. ఇరవై ఆరు పిల్లలు లేచాయి, ఊరంతా పిలిచి చూపించాను. మూడో వారం నుంచి ఒక్కోటీ గురగురలాడుతూ మెడ చాచి నోరు తెరవడం మొదలుపెట్టింది. రెండు నెలలు తిరిగేసరికి ఏడు మిగిలాయి. ఆ ఏడూ పెద్దవై నా పాత కోళ్ళకి కూడా అంటించాయి. గూడంతా ఖాళీ చేసి, సున్నం కొట్టి, మూడు నెలలు ఎండకి వదిలేసి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను.

తర్వాత తెలుసుకున్నది ఇది. ఊపిరికి సంబంధించిన ఆ దీర్ఘరోగాన్ని తెచ్చే మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి మందుతో అణుగుతుంది గాని ఒంట్లోంచి పూర్తిగా పోదు. పెట్ట గుడ్డులోంచే పిల్లకి వెళ్తుంది. పిల్లలకి తెల్ల పారుడు తెచ్చే సాల్మొనెల్లా కూడా అంతే. మీ పెట్ట జబ్బుని తట్టుకోలేదు, మీ మందు తట్టుకునేలా చేసింది. అదే గూట్లో, అదే నీళ్ళు తాగి, అసలు తుమ్మని పెట్టలు కూడా ఉన్నాయి కదా? మీ విత్తనం అక్కడ ఉంది.

మీ పెట్టకి వచ్చింది అదేనో కాదో నేను ఇక్కడి నుంచి చెప్పలేను. జిల్లాలో ఉండే జంతు వ్యాధి నిర్ధారణ ప్రయోగశాలలో నెత్తురు చుక్కతో పరీక్ష చేస్తారు, పశువుల డాక్టరు గారిని అడగండి. ఫలితం వచ్చేవరకు వేరుగా ఉంచండి, గుడ్లు పొదగెయ్యకండి. దాన్ని కోసెయ్యమని నేను చెప్పను. నా కాకి పెట్టని నేనూ కొయ్యలేకపోయాను. దూరంగా, ఒంటరిగా, మరో మూడేళ్ళు బతికింది.

మందుతో బతికిన కోడి విత్తనానికి వద్దని మీరు తరచూ రాస్తారు. మరి టీకాలు ఎందుకు? అవి కూడా మానేస్తే గట్టివి మాత్రమే మిగులుతాయి కదా? — ఒక పాఠకుడు, ఖమ్మం

మిగలవు బాబూ. కొక్కెర తెగులు, అదే రాణిఖేత్, జల్లెడ కాదు, పొయ్యి. టీకా లేని మందలోకి గట్టి రకం వైరస్ వచ్చిందంటే మంచిదీ చెడ్డదీ చూడదు, గూడు గూడంతా ఊడ్చేస్తుంది. అన్నీ పోయాక ఎంచుకోవడానికి ఏముంటుంది? టీకా వేరు, జబ్బు వచ్చాక చేసే వైద్యం వేరు.

నేను చేసేది: మొదటి వారంలో లసోటా అనే రాణిఖేత్ టీకా ఒక చుక్క కంట్లో, నాలుగో వారంలో మళ్ళీ. ఆరేడు వారాలకి రెక్క పొరలో మశూచి టీకా. ఎనిమిదో వారం దాటాక ఆర్‌2బి, అదీ రాణిఖేత్‌కే, అర మిల్లీలీటరు, చర్మం కింద. నలతగా ఉన్న కోడికి వెయ్యను. లసోటా, ఆర్‌2బి ఒక్కో సీసాలో మామూలుగా వంద డోసులో, ఇంకా ఎక్కువో ఉంటాయి, కలిపాక రెండు గంటల్లో వాడెయ్యాలి. అందుకే మా వీధిలో ఆదివారం సాయంత్రం ఆరిళ్ళ వాళ్ళం కలిసి వేసుకుంటాం. ఐసు ముక్కలు వేసిన ఫ్లాస్కులోనే తేవాలి. చొక్కా జేబులో పెట్టుకుని ఎండలో బండి మీద తెచ్చిన టీకా నీళ్ళతో సమానం.

మా పెట్టలు, పుంజు అన్నీ కాకులే. పక్కింటి సేతువ (తెల్ల) పుంజుని వాళ్ళు అమ్మేసి పది రోజులైంది. అయినా నిన్న లేచిన పిల్లల్లో రెండు తెల్లవి! — ఒక పాఠకురాలు, రాజోలు

మొదట ఒక లెక్క. నిన్న లేచిన పిల్లల గుడ్లు ఇరవై ఒక్క రోజుల కిందటే పొదుగులోకి వెళ్ళాయి. అప్పటికి ఆ సేతువ పుంజు మీ గోడ మీదే ఉంది! దీని మీద తగువు అనవసరం.

పుంజు వెళ్ళిపోయినా గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇంకొకటి. పెట్ట ఒంట్లో పుంజు బీజం రెండు వారాలు, ఒక్కోసారి మూడు వారాలు కూడా నిలవ ఉంటుంది. పుంజుని మార్చాక ఇరవై ఒక్క రోజులు పెట్టిన గుడ్లన్నీ అట్లకి, కూరకి వాడెయ్యండి. ఆ తర్వాతవే పొదగెయ్యండి.

కడక్‌నాథ్ గుడ్లు అని నల్లటి గుడ్లు అమ్ముతున్నారు. కొనవచ్చా? — ఒక పాఠకుడు, హైదరాబాద్

వద్దు. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతపు కోడి అది, 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చర్మం, ఎముక, నాలుక అన్నీ నలుపే గాని గుడ్డు లేత గోధుమరంగు. నల్ల గుడ్డుకి ఎవరో రంగు వేసి ఉంటారు. ఇంకో మాట, నలుపు బలమైన గుణం కాబట్టి నాటుకోడితో కలిసిన పిల్లలకి కూడా చర్మం నల్లబడుతుంది. నల్లగా ఉంది కాబట్టి స్వచ్ఛమైనదని నమ్మకండి.

సంక్రాంతికి కత్తి కట్టే పుంజుకి ఏ మేత...

ఇలాంటివి ఈసారి తొమ్మిది వచ్చాయి. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం కోళ్ళని పోట్లాడించడం నేరం. నేను జవాబివ్వను. ఈ జాతిని ఇన్నాళ్ళు నిలిపింది బరులేనని కొందరు రాస్తున్నారు. అందులో కొంత నిజం ఉండొచ్చు. కాని నా పదకొండేళ్ళ నోటుబుక్కులో కత్తి కట్టిన పుంజు ఒక్కటీ లేదు, జాతి మాత్రం నిలిచే ఉంది.

టీచర్ గారూ, నా నెమలి పెట్టకి అయిదేళ్ళు. గుడ్లు తగ్గిపోయాయి. విత్తనానికి ఇంకా ఉంచాలా? — ఒక పాఠకురాలు, తుని

పొదిగితే ఉంచండి. అసీల్ పెట్ట ఎటూ ఏడాదికి ముప్ఫై, నలభై గుడ్ల మనిషే, ఫారం కోడితో పోల్చకూడదు. అయిదేళ్ళు మీ వాకిట్లో, మీ ఎండలో, మీ వానలో జబ్బు లేకుండా తిరిగింది కదా, తొలి గుడ్డు పెట్టే కన్నె పెట్టలో ఆ సంగతి మీకు ఎలా తెలుస్తుంది? నేను మొదటి ఏడాది గుడ్లు ఎప్పుడూ పొదగెయ్యను, రెండో ఏడాది నుంచే మొదలుపెడతాను.

గుడ్లు తక్కువ కాబట్టి ఒక్కటీ పాడుకానివ్వకండి. మట్టి మూకుడులో ఇసుక పోసి, తడిపిన గోనెగుడ్డ పరిచి, దాని మీద పొడి గుడ్డ వేసి, వెడల్పు కొస పైకి వచ్చేలా పెట్టండి. నీడలో ఉంచి, రోజూ గోనె తడపండి. వారం దాటకుండా పొదగెయ్యండి. ఏడు గుడ్లే పోగైతే ఏడే వెయ్యండి. ఏడో రోజు రాత్రి టార్చి మీద గుడ్డు పెట్టి చూస్తే ఎర్రటి నరాలు సాలీడులా విచ్చుకుని కనిపిస్తాయి. ఎన్నింటిలో కనిపించాయో నాకు రాయండి. ముసలి పెట్టలకి నా నోటుబుక్కులో వేరే పేజీ ఉంది.